32,768వ గంట

2019 నవంబర్లో హెచ్‌పీఈ కంపెనీ తన కస్టమర్లకి ఒక అడ్వైజరీ పంపింది. దాని సారాంశం ఇది: మేం అమ్మిన సాస్ ఎస్సెస్డీల్లో కొన్ని మోడళ్ళు 32,768 గంటలు పనిచేశాక ఆగిపోతాయి. ఆ తర్వాత డేటా రాదు, డ్రైవూ పనికిరాదు. ఫర్మ్‌వేర్‌ని హెచ్‌పీడీ8 వెర్షన్‌కి మార్చుకోండి.

ఆ అంకె చూడగానే మన ఫీల్డులో ఎవరికైనా నవ్వొస్తుంది, తర్వాత భయమేస్తుంది. పదహారు బిట్ల సైన్డ్ ఇంటిజర్లో పట్టే పెద్ద అంకె 32,767. ఇంకొక్కటి కలిపితే మైనస్‌లోకి దొర్లిపోతుంది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం 'సీ' ల్యాబులో అందరం చూసిన తమాషానే. కాకపోతే ఇక్కడ దొర్లింది ల్యాబు ప్రోగ్రాం కాదు, ఆస్పత్రులూ బ్యాంకులూ నమ్ముకునే తరహా డ్రైవు. గంటల్ని రోజుల్లోకి మారిస్తే 3 ఏళ్ళ 270 రోజుల 8 గంటలు. అంటే కొన్నవాడు ఆ డ్రైవుల సంగతి పూర్తిగా మర్చిపోయి హాయిగా ఉండే సమయం అన్నమాట.

సరే, డ్రైవు పోతే పోయింది, రెయిడ్ ఉంది కదా అంటారా? అక్కడికే వస్తున్నాను.

రెయిడ్ అనే మాట 1988లో బర్క్‌లీ వాళ్ళు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపరుతో వచ్చింది. ఒక ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు బోలెడు పెట్టి, ఒకటి పోయినా మిగతావాటి నుంచి డేటాని మళ్ళీ కట్టుకోవచ్చు అన్నారు. ఎన్నేళ్ళకి డేటా పోవచ్చో లెక్కలు కూడా కట్టారు. ఆ లెక్కలన్నిటి కింద ఒక చిన్న ఊహ ఉంది: ఒక డిస్కు చావుకీ ఇంకో డిస్కు చావుకీ సంబంధం లేదని. మోటారు అరిగో, హెడ్డు తగిలో పోయే డిస్కుల విషయంలో అది చాలావరకు ఒప్పుకోదగ్గ మాటే.

కానీ ఫర్మ్‌వేర్ అరగదు. ఒకే పెట్టెలో వచ్చి, ఒకే రోజు స్విచ్చేసిన ఇరవై నాలుగు డ్రైవుల్లో ఒకే కోడు, ఒకే కౌంటరు ఉంటాయి. ఒకే ముహూర్తానికి పుట్టాయి, ఒకే ముహూర్తానికి పోతాయి. రెయిడ్-6 రెండింటిని తట్టుకుంటుంది. ఇరవై నాలుగింటిని ఏ రెయిడూ తట్టుకోదు. హెచ్‌పీఈ కూడా తన అడ్వైజరీలో, కలిపి వాడకంలోకి తెచ్చిన డ్రైవులు దాదాపు ఒకేసారి పోతాయని రాసింది. నా దృష్టిలో ఆ కాగితంలో అసలు విషయం ఆ ఒక్క వాక్యమే.

ఇదేదో 2019లో కొత్తగా తెలిసిన సంగతీ కాదు. 2008లో విస్కాన్సిన్ యూనివర్సిటీ, టొరంటో యూనివర్సిటీ, నెట్‌యాప్ వాళ్ళు కలిసి 15.3 లక్షల డిస్కుల మీద 41 నెలల లెక్కలు తీశారు. 4 లక్షలకి పైగా బ్లాకుల్లో చెక్‌సమ్‌లు కలవలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఒకే సిస్టంలో ఉన్న డిస్కుల్లో ఈ తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రావడం లేదని తేలింది. 1988 నాటి ఊహకి అప్పుడే బీట పడింది.

ఆ మరుసటి ఏడాది, 2009 జనవరిలో, సీగేట్ వంతు. బారాకుడా 7200.11 డ్రైవులు, వాటితో పాటు సర్వర్లలో వాడే ఈఎస్.2 డ్రైవుల్లో కొన్ని, కరెంటు తీసి మళ్ళీ పెడితే లేవడం మానేశాయి. అప్పట్లో బయటికొచ్చిన వివరం ప్రకారం లోపలి ఈవెంట్ లాగు 320వ ఎంట్రీ దగ్గర ఉన్నప్పుడు డ్రైవుని ఆఫ్ చేస్తే అది మళ్ళీ తెల్లారి కళ్ళు తెరవదు. డేటా మాత్రం ప్లాటర్ల మీద భద్రంగానే ఉంటుంది. జనం కనిపెట్టిన వర్కెరౌండు చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది: సర్క్యూట్ బోర్డు స్క్రూలు వదులు చేసి, కాంటాక్టుల మధ్య ఒక కాగితం ముక్క దూర్చి, సీరియల్ కేబుల్‌తో డ్రైవులోకి దిగి, కమాండ్లు కొట్టి దాన్ని లేపేవారు. కోట్ల పరిశోధనతో తయారైన వస్తువుకి వైద్యం కాగితం ముక్క!

సీగేట్ ఇచ్చిన సరిదిద్దిన ఫర్మ్‌వేర్ ఎస్డీ1ఏ మొదటి రూపం 500 జీబీ మోడళ్ళని చంపేసింది. వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. 'నడుస్తున్నదాన్ని కెలక్కు' అనే మన సిస్టం అడ్మిన్ల సూత్రానికి ఇలాంటివే పునాది. వాళ్ళని తప్పుపట్టలేం. ప్యాచ్ వేస్తే ఇవాళ పోవచ్చు, వెయ్యకపోతే ఎప్పుడో పోవచ్చు. ఇవాళ పోతే మన ఉద్యోగం పోతుంది, ఎప్పుడో పోతే అప్పటికి మనం ఇంకో కంపెనీలో ఉంటాం :) ఈ లెక్క ఏ రిలీజ్ నోట్సులోనూ ఉండదు.

మళ్ళీ హెచ్‌పీఈ దగ్గరికి వద్దాం. 2020 మార్చిలో, అంటే మన దేశంలో లాక్‌డౌన్ మొదలైన నెలలో, ఇంకో అడ్వైజరీ. ఈసారి వేరే డ్రైవులు, 40,000 గంటలు. 4 ఏళ్ళ 206 రోజుల 16 గంటలు. 2020 అక్టోబర్ నుంచి పోవడం మొదలవుతుందని తేదీ కూడా చెప్పారు. డెల్ కూడా తను అమ్మిన శాన్‌డిస్క్ డ్రైవులకి ప్యాచ్ ఇస్తూ కారణం చెప్పింది: ఒక సర్క్యులర్ బఫర్ ఇండెక్సుని 'ఎన్'తో పోల్చాల్సిన చోట 'ఎన్ మైనస్ 1'తో పోల్చారట. మనమంతా ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లని అడిగే ప్రశ్న.

ఈ రకం జబ్బుకి ప్యాచ్ తప్ప ఇంకో దారుందా? కొంత ఉంది. డ్రైవుని ఆఫ్ చేస్తే గంటలు ఆగుతాయి గానీ వెనక్కి తిరగవు. కాబట్టి మిర్రర్‌లో ఒక సగాన్ని ముందుగానే వేరే వయసు డ్రైవులతో మార్చెయ్యాలి, ఒక్కొక్కటే, రీబిల్డ్ పూర్తయ్యాకే రెండోది. బ్యాకప్ సర్వర్‌కి వేరే బ్యాచ్ కొనాలి. ఒకే రేటులో రెండు సర్వర్లు ఒకేసారి కొందామనే పర్చేజ్ డిపార్ట్‌మెంటుకి ఇది చెప్పి ఒప్పించడం ఫర్మ్‌వేర్ రాయడం కంటే కష్టం.

ఎందుకు ఒప్పించాలంటే, 2022 జులైలో మనలో చాలామంది రోజూ చదివే హ్యాకర్ న్యూస్ సైటు కొన్ని గంటల పాటు పడిపోయింది. మెయిన్ సర్వర్లో డిస్కులు పోయాయి. కొద్ది గంటల తేడాలో స్టాండ్‌బై సర్వర్లో డిస్కులూ పోయాయి. వాటి వయసు ఆ 40,000 గంటల దరిదాపుల్లోనే ఉంది. ప్యాచ్ వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది. బ్యాకప్ ఉంది కాబట్టి సైటు బతికింది.

అడ్వైజరీ రాగానే కంపెనీ తన బాధ్యత తీరిపోయినట్టే చూస్తుంది. అది ఎవరికి చేరిందన్నది వేరే ప్రశ్న. ఫర్మ్‌వేర్ కోసం లాగిన్ కావాలి, చాలాచోట్ల సపోర్ట్ కాంట్రాక్టు కూడా ఉండాలి. కాంట్రాక్టు అయిపోయిన సర్వర్లు సెకండ్ హ్యాండులో చేతులు మారి ఏ చిన్న కాలేజీకో, స్టార్టప్‌కో చేరతాయి. అడ్వైజరీ మాత్రం మొదట కొన్నవాడి మెయిల్ బాక్సులోనే ఉంటుంది. హైదరాబాదులో, బెంగుళూరులో రాత్రి షిఫ్టుల్లో సపోర్టు చేసే మన మిత్రులకి తెలుసు, 'ఇది నోన్ ఇష్యూ అండీ' అన్న మాట అవతల డేటా పోగొట్టుకున్నవాడికి ఎలా వినిపిస్తుందో.

మీ దగ్గర పాత ఎస్సెస్డీలున్న సర్వరు ఉంటే, స్మార్ట్ వివరాల్లో 'పవర్ ఆన్ అవర్స్' అనే వరస ఒకసారి చూడండి. అన్ని డ్రైవులకీ ఒకే అంకె ఉంటే, మోడల్ నంబరూ ఫర్మ్‌వేర్ వెర్షనూ రాసుకుని ఇవాళే వెతకండి.