గుగ్గిలం

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి ఛత్తీస్‌గఢ్‌లోని కుమ్హారిలో చలి ముదురుతుంది. తెల్లారి ఖారున్ నది మీద పట్టిన మంచు ఎండెక్కితే గానీ విడదు. ఆ తర్వాతే మేడ మీద చాప వేసి, మా తాత నావ తెరచాపను పరుస్తాను. మైనం పట్టించిన దారం, దబ్బనం, అరచేతికి తోలుముక్క. వేళ్లు కొంకర్లు పోతున్నా రోజుకు రెండు మూరలు కుట్టాల్సిందే. నావ మాత్రం ఇక్కడ లేదు. కళింగపట్నం దగ్గర, వంశధార మొగ ఒడ్డున, తాటాకు పాక కింద దుంగల మీద ఉంది. సంక్రాంతికి ఊరెళ్లేసరికి తెరచాప సిద్ధం కావాలి.

పోయిన చలికాలమంతా దాని పలకలతోనే గడిచింది. తాళ్లరేవు వడ్రంగులు కట్టిన నావ అని మా ఇంట్లో చెప్పుకునేవారు. పైకి గట్టిగానే ఉంది. ఉలి మొనతో పొడిచి చూస్తే మేకుల చుట్టూ కర్ర పిండిలా రాలింది. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి, ఆ తుప్పు కర్రను తినేసింది. ఏడు పలకలు మార్చాం. సందుల్లో పాత పీచు గీకి తీసి, కొత్త కొబ్బరిపీచు పేని దూర్చాం. గుగ్గిలం పొడి నూనెలో కాచి, చలికి గడ్డకట్టక ముందే వేడివేడిగా పూశాం. వానాకాలంలో ఈ పని కుదరదు, కర్ర ఉబ్బి సందు మూసుకుంటుంది. చలిగాలికి ఎండి సందు తెరుచుకున్నప్పుడే పీచు లోపలికి దిగుతుంది. మరీ బిగించినా ముప్పే. నీళ్లలో దిగి ఉబ్బిన పలకలకు చోటు చాలక మేకులు లేచిపోతాయి. ఎంత దూర్చాలి అని చిన్నాన్నను అడిగితే, "కంటికి తెలీదురా, సేతికి తెలియాల" అన్నాడు.

గుగ్గిలం ఇక్కడి నుంచే పట్టుకెళ్లాను. రాయ్‌పూర్ గోల్ బజార్లో రాల్ అని అడిగితే పొట్లం కట్టిస్తారు. అది సాల వృక్షం బంక. ఇక్కడివాళ్లు సరై అంటారు, మనం గుగ్గిలం చెట్టు అంటాం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం అదే. సముద్రం ఎరగని అడవిలో పుట్టిన బంక సముద్రపు నీటిని నావలోకి రానివ్వదు.

తెలుగు తీరానికి తెరచాప కొత్త కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. తుపానుకు ఒడ్డెక్కిన ఓడల సరుకును రాజులు లాక్కోవడం ఆనవాయితీగా ఉన్న రోజుల్లో, కాకతి గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి, సుంకం తప్ప మరేమీ తీసుకోమని మాటిచ్చాడు. కోరంగిలో ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. ఆ రేవు నుంచి రంగూన్‌కు ఎంతమంది వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన కోరంగిని ముంచేసింది. మా పెద్దలు చలి పడేదాకా ఆగి నావ పని మొదలుపెట్టడంలో ఈ భయమూ ఉంది.

తుపాన్లు వచ్చిపోయినా చాపలు మళ్లీ లేచాయి. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో ఓడ దూరంగా లంగరు వేస్తే, కొబ్బరితాడుతో కుట్టిన మసులా పడవలు సరుకు చేరవేసేవి. మేకుల పడవ అల దెబ్బకు విరిగేది, కుట్టు పడవ వంగి తట్టుకునేది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. సరుకు రైలెక్కి విశాఖ దారి పట్టింది, చిన్న రేవులు ఎండిపోయాయి. 1955లో ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. మా నాన్న అదే రైలు మార్గంలో ఇక్కడికి వచ్చాడు. నేను రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాను. మా రేవును ఖాళీ చేసిన రైలే మాకు కూడు పెట్టింది. ఆ రైలుకు మేము రుణపడి ఉన్నాం. నావకూ రుణపడి ఉన్నాం, ఇప్పుడు తీర్చుకుంటున్నది ఆ రుణమే.

కుమ్హారిలో, చరోదాలో, భిలాయిలో శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పాకల వెనక ఒకసారి చూడండి. పాత నావ కనిపిస్తే పొయ్యిలోకి పోనివ్వకండి. పీచు పేనడం తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే పక్కన కూర్చుని నేర్చుకోండి. గుగ్గిలం మనకు ఇక్కడే దొరుకుతుంది.