చలిలో కాలేయకణము: ఆమ్ల క్షారముల తూకము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములవారికి పోచారం ప్రాజెక్టు సుపరిచితమే. నిజాము కాలములో ఆలేరు వాగుపై కట్టిన ఈ జలాశయము 1922లో పూర్తయింది. పుష్యమాసపు తెల్లవారుజామున ఆ నీరు చల్లబడుతుంది. నీటితోపాటు అందులోని చేపల శరీరమూ, కాలేయమూ చల్లబడతాయి. మనకువలె వాటికి స్థిరమైన శరీరోష్ణము లేదు. మరి ఆ కాలేయకణములలో ఆమ్ల క్షారముల తూకము చెడిపోదా?

ఈ తూకమును తెలిపే పి.హెచ్. మానమును 1909లో కోపెన్‌హేగన్‌లో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. పి.హెచ్. 7 అయితే తటస్థమనీ, తగ్గితే ఆమ్లమనీ, పెరిగితే క్షారమనీ పాఠములలో చదువుతాము. ఇది 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే సరిగా వర్తిస్తుంది. చలిలో నీటి అణువులు తక్కువగా విడిపోతాయి. అందుచేత ఉదజని అయానులు, హైడ్రాక్సిల్ అయానులు సమానముగా తగ్గుతాయి. శుద్ధజలపు పి.హెచ్. 37 డిగ్రీల వద్ద 6.8, 0 డిగ్రీల వద్ద సుమారు 7.5. అంకె మారినా నీరు తటస్థమే.

రక్తమును గాలి తగలకుండా చల్లబరిస్తే, తగ్గిన ఒక్కొక్క డిగ్రీకి పి.హెచ్. దాదాపు 0.015 పెరుగుతుందని 1948లో రోసెంతాల్ చూపాడు. ఇది రోగలక్షణము కాదు. నీటి తటస్థస్థానమును అనుసరించే మార్పు. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు రీవ్స్ దీనికి కారణము వివరించాడు. మాంసకృత్తులలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లము ఉన్నది. అందులోని ఇమిడజోల్ భాగము చలిలో ఉదజని అయానులను మరింత గట్టిగా పట్టుకుంటుంది. కనుక పి.హెచ్. పెరిగినా మాంసకృత్తుల విద్యుదావేశము అంతగా మారదు. ఎంజైముల పనికి భంగము రాదు. చల్లని నీటిలో చేపకు మేలు చేసేది ఈ ఏర్పాటే.

మార్పిడి కోసము తీసి మంచులో ఉంచిన మానవ కాలేయము సంగతి వేరు. చలి కణముల పనిని మందగింపజేస్తుందే కాని ఆపదు. రక్తము లేదు, ప్రాణవాయువు అందదు. కణములు ప్రాణవాయువు లేకుండానే చక్కెరను విరిచి లాక్టిక్ ఆమ్లమును పోగుచేస్తాయి. అప్పుడు కణము నిజముగానే ఆమ్లమయమవుతుంది. ఇందులో దోషము చలిది కాదు, ప్రాణవాయువు కొరతది.

1980లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో బెల్జర్, సదర్డ్ ఇందుకొక ద్రావణమును తయారుచేశారు. అందులోని ఫాస్ఫేటు ఆ ఆమ్లమును కొంతవరకు అణచుతుంది. లాక్టోబయోనేటు, రాఫినోజు కణములు ఉబ్బకుండా కాపాడతాయి. పది గంటలలోపే అమర్చవలసిన కాలేయమును ఆ తరువాత ఇంచుమించు ఒక రోజు నిలువ ఉంచడము సాధ్యమయింది. దూరపు ఊరిలోని రోగికి కూడ ఆశ కలిగింది.

కాబట్టి పి.హెచ్. ఎంత అని అడిగినప్పుడు, ఏ ఉష్ణోగ్రత వద్ద అని కూడ అడగడము అవసరము.