విద్యార్థులకు పరీక్షలు – పాఠశాలల పనితీరు: ఐదు జిల్లాల అనుభవం

పాఠశాల పనితీరును భవనాలు, నమోదు, హాజరు లెక్కలతోనే అంచనా వేయడం చాలదు. పిల్లలు ఎంతవరకు నేర్చుకున్నదీ తెలియాలంటే నిర్ణీత వ్యవధిలో పరీక్షలు అవసరం. అయితే పరీక్షలు నిర్వహించినంత మాత్రాన చదువు మెరుగుపడుతుందా అన్న ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ప్రారంభమైన అధ్యయనం ఆలోచింపజేసే సమాధానమిచ్చింది.

రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల భాగస్వామ్యంతో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆదిలాబాద్, నిజామాబాద్, విశాఖపట్నం, నెల్లూరు, కడప జిల్లాల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఈ అధ్యయనం చేపట్టారు. 100 పాఠశాలలలో విద్యాసంవత్సరం ఆరంభంలో తెలుగు, గణితం పరీక్షలు జరిపి, విద్యార్థులు ఏయే అంశాలలో వెనుకబడి ఉన్నదీ తెలిపే నివేదికలను ఉపాధ్యాయులకు అందజేయడం జరిగింది. పరిశీలకులు తరగతి గదులను సందర్శిస్తూ వచ్చారు. వారు ఉన్న వేళ ఉపాధ్యాయులు అధిక శ్రద్ధ కనబరిచారు. కానీ సంవత్సరాంతపు పరీక్షలో ఈ పిల్లలు, కార్యక్రమం అమలుకాని పాఠశాలల పిల్లలకంటే మెరుగైన ఫలితాలు సాధించలేదు. తనిఖీ నాటి శ్రద్ధ తనిఖీతోనే ముగియడం అనుభవజ్ఞులకు కొత్త సంగతి కాదు. దానిని కొలిచి చూపడమే ఇక్కడి విశేషం.

ఇవే నివేదికలు అందుకున్న మరికొన్ని పాఠశాలలలో విద్యార్థుల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ప్రకటించారు. అక్కడ రెండేళ్లలో ఫలితాలు స్పష్టంగా పెరిగాయి. బోనస్‌తో సంబంధం లేని సామాన్య, సాంఘిక శాస్త్రాలలోనూ పిల్లలు ముందంజ వేయడం గమనార్హం. ఉపాధ్యాయుల హాజరులో మార్పు లేదు. ఇంటిపని, అదనపు తరగతులు, అభ్యాస పరీక్షలు మాత్రం పెరిగాయి. నివేదికను వినియోగించుకునే కారణం ఉన్నచోటనే అది ఉపకరించింది.

2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని నిర్దేశించింది. తదనుగుణంగా తెలుగు రాష్ట్రాలలో రాత పరీక్షలతోపాటు పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్షలను పరిగణించే నిర్మాణాత్మక మూల్యాంకనం అమలులోకి వచ్చింది. 2019 చట్ట సవరణతో 5, 8 తరగతులకు వార్షిక పరీక్షలు తిరిగి ప్రవేశించాయి.

జాతీయ స్థాయిలో 2024 డిసెంబరులో జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్‌లో గణితం సగటు 3వ తరగతిలో 60 శాతం, 6వ తరగతిలో 46, 9వ తరగతిలో 37 శాతంగా నమోదైంది. ఇది నమూనా సర్వే. జిల్లా స్థితిని తెలుపుతుందే గాని, ఏ విద్యార్థికి భాగహారం రాదో చెప్పజాలదు. ఆ వివరం తరగతి ఉపాధ్యాయుడు దిద్దిన లఘు పరీక్ష పత్రంలోనే లభిస్తుంది.