అరటితోటల కోసం కూల్చిన ప్రభుత్వం

1954 జూన్ 27 రాత్రి గ్వాటెమాల అధ్యక్షుడు హకోబో ఆర్బెంజ్ రేడియోలో రాజీనామా ప్రకటించాడు. జనం ఓట్లేసి గెలిపించిన ఆయన్ను గద్దె దించింది జనం కాదు, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ.

మధ్య అమెరికాలోని ఈ చిన్న దేశంలో సాగుభూమి చాలావరకు కొద్దిమంది గుప్పిట్లోనే ఉండేది. వారందరిలో పెద్ద భూస్వామి ఒక అమెరికా కంపెనీ, యునైటెడ్ ఫ్రూట్. అరటితోటలే కాదు, రైలుమార్గమూ, అట్లాంటిక్ తీరాన ప్యూర్టో బారియోస్ రేవూ దాని అదుపులోనే ఉండేవి. అయినా దాని భూమిలో సుమారు 85 శాతం బీడు.

1952 జూన్‌లో ఆర్బెంజ్ భూసంస్కరణ చట్టం తెచ్చాడు. పెద్ద కమతాల్లోని బీడును ప్రభుత్వం తీసుకుని భూమిలేనివారికి పంచుతుంది. యజమాని పన్ను లెక్కల్లో చూపిన విలువనే పరిహారంగా బాండ్ల రూపంలో ఇస్తుంది. చిక్కు ఇక్కడే వచ్చింది. పన్ను తగ్గించుకోవడానికి కంపెనీ ఏళ్ల తరబడి తక్కువ విలువ చూపింది. ఆ లెక్క ప్రకారం ప్రభుత్వం 6 లక్షల పైచిలుకు డాలర్లు ఇస్తానంటే, కంపెనీ తరఫున అమెరికా విదేశాంగ శాఖ కోటి 58 లక్షలు అడిగింది.

ఆ శాఖ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్. ఆయన పూర్వం పనిచేసిన న్యాయవాద సంస్థకు ఈ కంపెనీ క్లయింటు. తమ్ముడు అలెన్ సీఐఏ అధిపతి. అమెరికా పైకి చెప్పిన కారణం కమ్యూనిజం. కమ్యూనిస్టులు ఆర్బెంజ్‌కు సన్నిహితులన్నది నిజమే, కానీ చట్టసభలో వాళ్లకున్నవి నాలుగే స్థానాలు.

సీఐఏ అండతో మాజీ సైనికాధికారి కాస్టియో అర్మాస్ వెంట హోండురాస్ సరిహద్దు దాటిన దండు 500 మందికి మించదు. అసలు యుద్ధం రేడియోలో నడిచింది. అడవుల్లోంచి మాట్లాడుతున్నామంటూ ‘విమోచన వాణి’ అనే రేడియో కేంద్రం, అసలు లేనే లేని సేనల గెలుపులను వినిపించింది. పైనుంచి విమానాలు బాంబులు వేశాయి. అమెరికా సైన్యమే దిగుతుందని బెదిరిన గ్వాటెమాల సైనికాధికారులు పోరాడలేదు. దేశం విడిచి వెళ్తున్న ఆర్బెంజ్‌ను విమానాశ్రయంలో విలేకరుల కళ్లెదుటే బట్టలు విప్పించి సోదా చేశారు.

చట్టం రద్దయింది. సుమారు లక్ష కుటుంబాలకు పంచిన భూముల్లో చాలావరకు పాత యజమానులకే చేరాయి. ఆ తర్వాత దేశంలో 1960 నుంచి 1996 వరకు సాగిన అంతర్యుద్ధంలో దాదాపు 2 లక్షల మంది చనిపోయారు లేదా జాడ తెలియకుండా పోయారు. వారిలో అత్యధికులు మాయా ఆదివాసులు. ఆ కాలంలో గ్వాటెమాల సైన్యానికి తోడ్పడటం తప్పేనని 1999లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒప్పుకున్నాడు. 2011లో గ్వాటెమాల ప్రభుత్వం ఆర్బెంజ్ కుటుంబాన్ని క్షమాపణ కోరింది. భూమి లేని మాయా రైతుకు మాత్రం ఆ మాటలతో సెంటు నేల కూడా దక్కలేదు. ఆ అన్యాయం ఇంకా సరిదిద్దాల్సే ఉంది.