బడిలో ప్రతిజ్ఞ, ఊరిలో సేవ: పౌరధర్మ బోధన పరిణామం

స్వాతంత్ర్యానంతరం తొలి రెండు దశాబ్దాలలో విద్యావేత్తలు తీవ్రంగా ఆలోచించిన విషయాలలో పౌరధర్మాన్ని, అంటే దేశం పట్లా తోటివారి పట్లా మనిషి నిర్వర్తించవలసిన బాధ్యతను, బడిలో ఏ విధంగా నేర్పాలన్నది ఒకటి. ఆగస్టు 15, జనవరి 26 జాతీయ పర్వదినాలుగా స్థిరపడడంతో, జెండా కర్ర చుట్టూ వేసిన ముగ్గు, పురికొసకు అంటించిన రంగుకాగితాలు, వందనం ముగిశాక పంచే మిఠాయి బిళ్ళలు ఊరూరి బడికీ పరిచయమయ్యాయి. అయితే ఆ ఉత్సాహం మిగిలిన రోజుల నడవడిలోనూ నిలవాలంటే పండుగ ఒక్కటే చాలదు.

ఆ లోటు తీర్చిన సాధనాలలో ఒకటి తెలుగునేల మీదే పుట్టింది. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో 1916లో జన్మించిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న కాలంలో, చైనా సరిహద్దు ఉద్రిక్తతలు పెరుగుతున్న 1962లో, విద్యార్థులు కలిసి పలకడానికి అనువైన ప్రతిజ్ఞను రచించగా, రాజకీయ నాయకుడు తెన్నేటి విశ్వనాథం చొరవతో అది నాటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజుకు చేరింది. 1964లో బెంగుళూరులో కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన సమావేశమైన కేంద్ర విద్యా సలహా మండలి దానిని పాఠశాలలన్నింటికీ సూచించింది. 1965 జనవరి 26 నుంచి అది దేశమంతటా అమలులోకి వచ్చింది. ఒక విద్యార్థి ముందు నిలబడి కుడిచేయి చాచి ఒక్కొక్క వాక్యం పలుకుతుంటే తక్కినవారు అందుకునే ఆ పద్ధతి నేటికీ ఉదయపు ప్రార్థనలో భాగమే. పాఠ్యపుస్తకాల తొలి పుటల్లో ప్రతిజ్ఞకు చోటు దక్కినా, రచయిత పేరు దశాబ్దాల పాటు వాటిలో కనిపించకపోవడం తీరని అన్యాయం.

భారతదేశం నా మాతృభూమి అంటూ ఆరంభమయ్యే ఆ ప్రతిజ్ఞ చివరి భాగంలో దేశం పట్ల, ప్రజల పట్ల సేవానిరతితో ఉంటానన్న మాట ఉంది. అలాంటి సేవను చదువులో భాగం చేయాలన్న ఆలోచన ప్రతిజ్ఞ కంటే ముందే మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం స్వచ్ఛంద జాతీయ సేవను సూచించింది. 1964–66 నాటి కొఠారీ విద్యా సంఘం సామాజిక సేవ అన్ని దశల విద్యలోనూ అంతర్భాగం కావాలన్నది. ఈ ఆలోచనల ఫలితంగా, గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో సుమారు 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, దత్తత తీసుకున్న గ్రామంలో ప్రత్యేక శిబిరం ఈ పథకానికి ఆయువుపట్టు. అక్కడ పలుగూ పారా పట్టి మురుగుకాలువ పూడిక తీసిన విద్యార్థికి, ఆ ఊరి పారిశుద్ధ్యం ఎవరి బాధ్యతో, ఎక్కడ లోపించిందో పాఠం చెప్పకుండానే బోధపడుతుంది.

పండుగ, ప్రతిజ్ఞ, సేవ అనే ఈ మూడూ వేర్వేరు సందర్భాలలో రూపుదిద్దుకున్నా, పౌరుణ్ణి తీర్చిదిద్దే బాధ్యత బడిదేనన్న ఒకే విశ్వాసం నుంచి పుట్టాయి. కనుక జాతీయ దినాలలో వక్తృత్వ పోటీలతో సరిపెట్టక, ఆ వారమంతా విద్యార్థులు తమ వీధికి అవసరమైన ఒక పనిని తామే గుర్తించి, ఉపాధ్యాయుల తోడ్పాటుతో పూర్తి చేసే ఏర్పాటు ఉన్నప్పుడే, రోజూ పలికే ప్రతిజ్ఞకు సార్థకత చేకూరుతుంది.