ఖామ్ థియెన్ వీధిలో ఇటుకల వరస

1980 జనవరి. హనోయి. ఇంకా నాలుగు కాలేదు. సన్నటి తుంపర. ప్లాస్టిక్ చెప్పుల్లో కాలివేళ్లు కొంకర్లు పోతున్నాయి. నీకు పదమూడేళ్లు. చొక్కా లోపల రేషన్ బియ్యం పుస్తకం భద్రంగా ఉందో లేదో మాటిమాటికీ తడుముకుంటావు. ఈ ఊళ్లో ఎవరి మొహమైనా వాడిపోయి కనిపిస్తే, బియ్యం పుస్తకం పారేసుకున్నావా అని అడుగుతారు మరి.

బియ్యం డిపో ముందు మనుషుల కంటే ఇటుకలే ఎక్కువ. వాటిమీద పేర్లు రాసిపెట్టి ఇళ్లకెళ్లి పడుకున్నారు. మధ్యలో ఒక తెగిన చెప్పు, ఒక చిల్లుల బుట్ట. అవీ వరసలో ఉన్నట్టే. మనుషులు తోసుకుంటారు గానీ ఇటుక జోలికి ఎవరూ పోరు.

ఐదింటికి స్తంభం మీద లౌడ్‌స్పీకర్ గరగరలాడుతుంది. నీ భుజాలు వాటంతటవే ముడుచుకుంటాయి. వచ్చేది వ్యాయామం పాటేనని తెలుసు, అయినా ఒళ్లు మాట వినదు. చిన్నప్పుడు శత్రు విమానాలు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాయో చెప్పింది ఇలాంటి గొట్టమే. అది చెబుతుండగానే అమ్మ నిన్ను రోడ్డు పక్కన పాతిన సిమెంటు ఒరలోకి దించి మూత లాగేది. లోపల మురికినీళ్లు. బాంబుల్లోంచి చెదిరే ఇనుప గుళ్లు తగలకుండా నీ తలమీద దట్టంగా అల్లిన గడ్డి టోపీ. తర్వాత నిన్ను పల్లెకి పంపేశారు. 1972 డిసెంబరు 26 రాత్రి అమెరికా బి-52లు ఈ వీధిని కూల్చినప్పుడు నువ్విక్కడ లేవు. సుమారు 280 మంది పోయారు. నువ్వు తిరిగొచ్చేసరికి నీతో గోలీలాడే పిల్లాడి ఇల్లు లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు, నువ్వూ అడగలేదు.

తలుపు తీశారు! ఒక్కో ఇటుక వెనకా ఒక్కో మనిషి మొలుస్తాడు. తోపులాట. కౌంటర్ వెనక ఆవిడ తలెత్తదు. మంత్రి కంటే ఈవిడంటేనే జనానికి భయం. పైకి అనరంతే.

అమ్మది గవర్నమెంటు ఉద్యోగం, ఆమె వాటా నెలకు 13 కిలోలు. అన్నయ్య పేరు పుస్తకంలో కొట్టేశారు. కంబోడియాలో ఉన్నాడు, వాడి తిండి సైన్యానిది.

"ఈసారి సగమే బియ్యం. మిగతాది బొబొ."

"అత్తా, కొంచెం బియ్యం ఎక్కువ..."

"వద్దంటే పక్కకి జరుగు."

"తీసుకుంటానత్తా!"

సంచిలోకి పడుతున్న బియ్యం ముక్కవాసన. వేలెడు లోతున పురుగులు, రాళ్లు. బొబొ అయితే పొట్టుతోనే ఉన్న గట్టి గింజ, ఎంత నమిలినా నలగదు. దాన్ని తినేవాళ్లకంటే మీ స్నానాలగదిలో అమ్మ పెంచుతున్న పందికే సుఖం. దానికి కుడితి వేళకి అందుతుంది.

బొబొ రాత్రంతా నానాలి, గంటలకొద్దీ ఉడకాలి. కిరసనాయిలు కూపన్లేమో కొత్త సంవత్సరం తెత్ పండక్కని అమ్మ దాచింది. ఇక రంపపు పొట్టు పొయ్యే గతి. వడ్రంగి ఈపాటికి కొట్టు తెరిచి ఉంటాడు. సంచి భుజానికెత్తుకుని అటు పరిగెడతావు, మిగతా పిల్లలు పొట్టంతా ఊడ్చుకుపోకముందే.