చల్లారితే గడ్డ, వేడిచేస్తే నీరు

కాశిబుగ్గలో పొద్దంతా గల్లాపెట్టె ముందు కూర్చునే షావుకారుకు నడుము పట్టేస్తే వయసు మీదపడిందనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌ను వైద్యులు గుర్తుపట్టే దారి మాత్రం అలాంటి ఒక కిరాణా వ్యాపారి నొప్పితోనే తెరుచుకుంది.

ఆయన లండన్‌కు చెందిన థామస్ అలెగ్జాండర్ మెక్‌బీన్. 1844లో విహారానికి వెళ్లి, ఒక గుహలోంచి బయటికి దూకుతుంటే ఛాతీలో ఏదో పటుక్కుమంది. ఆ నొప్పి మళ్లీ మళ్లీ తిరగబెట్టింది. నెత్తురు తీశారు, జలగలు పట్టించారు, ఇనుము, క్వినైన్ ఇచ్చారు. మరుసటి ఏడు ఆయన్ను చూసిన వైద్యుడు విలియం మెకింటైర్‌కు మూత్రం మీద అనుమానం వచ్చింది. ఆమ్లం పోస్తే తేటపడుతోంది, చల్లారితే గడ్డకడుతోంది, వేడిచేస్తే మళ్లీ కరిగిపోతోంది! 1845 నవంబర్ 1న డాక్టర్ థామస్ వాట్సన్ ఆ మూత్రాన్ని గాజు గొట్టంలో హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపి, ఇదేమిటో చెప్పమన్నాడు. అదొక ప్రొటీన్ అని ఆయన తేల్చాడు. 1846 జనవరి 1న మెక్‌బీన్ కన్నుమూశాడు. శవపరీక్షలో పక్కటెముకలు కత్తికి సులువుగా తెగాయి.

ఆ ప్రొటీన్‌కు బెన్స్ జోన్స్ పేరే నిలిచింది. మంచం పక్కన నిలబడి మొదట అనుమానించిన మెకింటైర్ పేరు వెనకబడిపోవడం నాకు బాధగానే ఉంటుంది.

అసలు గుట్టు 1962లో వీడింది. శాస్త్రవేత్తలు ఎడెల్మన్, గాలీ ఆ ప్రొటీన్ యాంటీబాడీలోని చిన్న గొలుసేనని చూపారు. మైలోమాలో, మజ్జలో యాంటీబాడీలు చేసే ప్లాస్మా కణం ఒకటి అదుపుతప్పి, తనలాంటివాటినే పెంచుకుంటూ ఒకే రకం ప్రొటీన్‌ను గుమ్మరిస్తుంది. ఏ ప్రొటీన్ అన్నదాన్నిబట్టే జబ్బు రకాలు: ఐజీజీ, ఐజీఏ అనే యాంటీబాడీలవి, ఉత్త చిన్న గొలుసులది. ఐజీఎం ఎక్కువైతే చాలావరకు అది 1944లో యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ వర్ణించిన మరో జబ్బు. ఇలాంటి ప్రొటీన్ కొద్దిగా కనిపించినా హాని చేయని స్థితిని 1978లో రాబర్ట్ కైల్ విడదీసి చూపాడు. దానికి మందు అక్కర్లేదు, ఏళ్లతరబడి కనిపెట్టి ఉండాలి.

మందుల వంతు ఆలస్యంగా వచ్చింది. ఒకప్పుడు గర్భస్థ శిశువులను వికలాంగులను చేసిన థాలిడోమైడ్ మైలోమాను తగ్గిస్తోందని సీమా సింఘాల్, బార్ట్ బార్లోగీ బృందం 1999లో ప్రకటించింది. దాని వారసురాలు లెనాలిడోమైడ్. దాని జెనరిక్ 2022 మార్చిలో టెవా ద్వారా అమెరికాలో అమ్మకానికి వచ్చింది. టెవాతో చేయి కలిపిన కంపెనీ మన హైదరాబాద్ నాట్కో ఫార్మా.

కాశిబుగ్గ షావుకారు నడుము నొప్పి నెలలు గడిచినా తగ్గక, రక్తం తగ్గి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంటే, ఒంట్లోని ప్రొటీన్లను విడదీసి చూసే పరీక్ష గురించి కొడుకు అడగాల్సిన మాట ఒకటుంది: “డాక్టర్ సాబ్, మా బాపుకు ప్రొటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ చేపిద్దామా?”